కాలర్ల పిల్ల మిషను

చొక్కాల కుట్టుగదిలో కాలర్ల పిల్ల యజమానితో పోట్లాడి గెలిచిన రోజున, గుండీలు కుట్టే పెద్దమ్మ సూది పక్కన పెట్టి మరీ చూసింది.

నిండు కడుపుతో ఉన్న ఆ పిల్లతో యజమాని ప్రేమ ఒలకబోస్తూ, "ఇంటికెళ్లి హాయిగా ఉండు చెల్లెమ్మా. పనుంటే మళ్లీ కబురు చేస్తాలే," అన్నాడు. కుట్టుగదిలో అందర్నీ వరస కలిపి పిలవడం అతని అలవాటు. వరస కలిపాక చట్టంతో పనేముందని అతని ధీమా.

"పిలుపుకి చెల్లెల్నే అన్నయ్యా, పనికి మాత్రం ఉద్యోగిని. కాన్పుకి జీతంతో సెలవివ్వాలి, తిరిగొస్తే నా పని నాకివ్వాలి. కార్మిక ఆఫీసులో అడిగే వచ్చాను."

"మరి ఇన్ని కాలర్లు ఎవరు కుడతారు, నేనా?"

"కూర్చోండి, నేర్పించే వెళ్తాను. లేదంటే నా బదులు ఎవరినైనా పెట్టుకోండి."

గదంతా గొల్లున నవ్వింది. యజమానికీ నవ్వాగలేదు. చెడ్డవాడేం కాదు, ఆర్డర్లు చూసి బెంబేలెత్తాడంతే. సరేనన్నాడు.

దారాలు తుంచే పనికొచ్చి, చూస్తూ చూస్తూనే కాలరు కుట్టడం పట్టేసిన పిల్ల అది. నోరు మాత్రం పెద్దమ్మ దగ్గరే నేర్చిందంటారు. పెద్దమ్మ కాదనదు.

సెలవుకి ముందురోజు ఆ పిల్ల మిషను తుడిచి, నూనె వేసి, పెద్దమ్మ పక్కన చతికిలబడింది.

"పెద్దమ్మా, నా బదులు వచ్చే అమ్మాయిని బాగా చూసుకో. కాలరు వంకరపోతే తిట్టకు. కానీ ఈ మిషను నాదని మాత్రం రోజూ ఓసారి అను. ఆమెకీ, అన్నయ్యకీ వినపడేలా గట్టిగా అను."