ఇసుకలో గుంట, పక్కన స్కేలు

కాలిఫోర్నియా ఎడారిలోని శిక్షణ స్థావరంలో నేను బస్సు దిగింది ఎనభైల మొదట్లో, ఆగస్టులో. మధ్యాహ్నం రెండు. నీడలో నూట పన్నెండు డిగ్రీల ఫారెన్‌హీట్. సంతకం పెట్టించుకుని రెండు కెమెరాలు, ఒక ఫ్లాష్, నలభై రోల్సు, పన్నెండు అంగుళాల స్కేలు ఇచ్చారు. నేను యూనిట్ ఫోటోగ్రాఫర్ని. డాక్టరుగారబ్బాయి సైన్యంలో చేరడమేమిటని న్యూజెర్సీలో మన అంకుల్సందరూ నవ్వారు. వాళ్ల నోళ్లు మూయించే ఫోటో ఒక్కటి తీయాలి. అదే నా పంతం.

ఏడు నెలలు తీసినవి కరచాలనాలు. లేదంటే ట్యాంకులకు పడ్డ సొట్టలు. ఒక్కో సొట్టకి మూడు ఫోటోలు: దూరం నుంచి, మధ్య నుంచి, దగ్గర నుంచి. దగ్గరిదాంట్లో పక్కన స్కేలు పెట్టాలి, ఎంత పెద్దదో తెలియడానికి. ఒళ్లు మండిపోయేది. సొట్టలు తీయడానికా ఇంత దూరం వచ్చింది?

మిగతా సైనికులు చెమటోడ్చేవాళ్లు, నేను నిలబడి చూసేవాణ్ణి. అందుకే నేనంటే ఎవరికీ పడేది కాదు. ఒక ట్యాంకు డ్రైవరైతే మరీను. కెమెరా ఎత్తితే లెన్సు మీద ఇసుక విసిరేవాడు.

"దించు. నా మొహం నీ అయ్య సొత్తా?"

నేనూ వాణ్ణి మనసారా అసహ్యించుకున్నాను. నన్ను పేరు పెట్టి పిలిచింది రేడియో ఆపరేటర్ ఒక్కడే.

మార్చిలో మూడు రోజులు నిద్ర లేని విన్యాసాలు జరిగాయి. నాలుగో రోజు మధ్యాహ్నం కెప్టెన్ గంటసేపు విశ్రాంతి ఇచ్చాడు. పడుకునే చోటు చుట్టూ తెల్ల టేపు కట్టించాడు. కట్టించింది ట్యాంకులు రోజూ తిరిగే దారి మలుపులో. 13:20కి రేడియోలో కేక వినబడింది.

"మెడిక్! టేపు దగ్గర! కాళ్లు!"

నేను చేరేసరికి రేడియో ఆపరేటర్‌ని హెలికాప్టర్‌లోకి ఎక్కిస్తున్నారు. ట్యాంకు నడిపింది నా మీద ఇసుక విసిరే ఆ డ్రైవరే. దుమ్ములో ఏమీ కనబడలేదని పదేపదే అంటున్నాడు.

కెప్టెన్ నా భుజం పట్టుకున్నాడు. "దగ్గరిది ఒక్కటి చాలు. టేపు పడక్కర్లేదు. గాలి లేస్తోంది, త్వరగా కానియ్యి."

నాకు అర్థమైంది. టేపు కట్టించింది ట్యాంకుల దారిలోనేనని కనబడకపోతే తప్పంతా డ్రైవర్‌దే.

"వెనక్కి వెళ్లి తియ్యి," అన్నాడు డ్రైవర్, నేల మీద కూలబడి. "టేపూ దారీ రెండూ పడాలి. ప్లీజ్."

వాడు నన్ను ఫోటో అడగడం అదే మొదలు.

అలవాటు కొద్దీ మూడూ తీశాను. ఫిల్ము కడిగి కెప్టెన్‌కి దగ్గరిదాని ప్రింటు ఇచ్చాను. మిగతా రెండు నెగటివ్‌లూ జేబులో పెట్టుకున్నాను. డ్రైవర్‌ని గదిలో పెట్టి తాళం వేశారు. నాకు సంతోషం వేసింది. అబద్ధమెందుకు, చాలా సంతోషం వేసింది.

మూడో రోజు కెప్టెన్ పెద్ద ప్రింటు అడిగాడు. ఎర్ర దీపం కింద ట్రేలో ఆ గుంట మెల్లగా తేలింది. మనిషి పడుకున్న గుంట. నేను పెట్టిన స్కేలు పక్కన భుజం, నడుము, తొడ. అక్కణ్ణుంచి ట్యాంకు చక్రాల పట్టా అచ్చు. ఏడు నెలలు నేను వెతికిన ఫోటో అదేనని ఆ క్షణమే తెలిసింది. నా మీద నాకే అసహ్యం వేసింది. రెండు నెగటివ్‌లూ తీసుకెళ్లి విచారణాధికారి బల్ల మీద పెట్టాను.

డ్రైవర్‌ని వదిలేశారు. కెప్టెన్ నా కెమెరాలు తీసేసుకుని వంటశాలకి పంపాడు. మొదటిరోజే డ్రైవర్ లైన్లో వచ్చి ప్లేటు చాచాడు. థాంక్స్ చెప్పలేదు.

"రెండు రోజులు ఎందుకు పట్టింది?" అన్నాడు.

బంగాళాదుంపలు వడ్డించాను.

న్యూజెర్సీకి తిరిగొచ్చాక ఒక అంకుల్ అడిగారు, "ఏమోయ్, ట్యాంకుల ఫోటోలేవీ?" లేవన్నాను. ఆయన సోఫాలోంచి లేచి వెళ్లాక, సోఫాలో పడ్డ గుంటని ఫోటో తీశాను. అప్పటినుంచీ నేను తీసేవి అవే: మనుషులు లేచి వెళ్లిన చోట్లు. పక్కన స్కేలు పెట్టడానికి వంగిన ప్రతిసారీ ఆ ఇసుకే కనబడుతుంది. భుజం, నడుము, తొడ, ఆ తర్వాత పట్టా అచ్చు.