పదో తల దేవుడిది

సెలూన్ మామయ్యకు పది వరకే లెక్క వచ్చు, అదీ తప్పుల తడకగా. అయినా దశమ భాగం విషయంలో ఆయనంత పట్టుదల గలవాడు, పాస్టరుగారితో సహా, ఆ వీధిలో పుట్టలేదు.

"కాపరి చేతికోల కింద నడిచే మందలో పదోది దేవుడిదని వాక్యం. నాకు మందా లేదు, కోలా లేదు. దువ్వెనుంది. దాని కిందికొచ్చే పదో తల దేవుడిది" అనేవాడు. ఆ తలకు క్షవరం ఉచితం.

అక్కడితో ఆగితే మామయ్య ఎలా అవుతాడు? పది టమాటాలు కొంటే ఒకటి పాస్టరుగారి గుమ్మంలో తేలేది. అత్తయ్య తిట్లలో తొమ్మిదింటికి బదులిచ్చి, పదోదాన్ని దేవుడికి వదిలేసేవాడు. ఒకసారి తుమ్ములు పట్టుకుంటే పదో తుమ్మును ఆపుకుని చర్చి దాకా పరిగెత్తాడట. అక్కడ తుమ్మిన తుమ్ముకు గంట దానంతటదే మోగింది. నమ్మనివాళ్లు వెళ్లి గంటనే అడగవచ్చు.

ఆదివారం ప్రసంగం మధ్యలో గురక పెట్టాడని పాస్టరుగారు నిలదీశారు.

"దశమ భాగం రాబడిలో ఇవ్వాలయ్యా, నిద్రలో కాదు!"

"నాకు దండిగా వచ్చేది అదొక్కటేనండీ."

ఇవన్నీ చూసి కుమిలిపోయేవాడు అల్లుడు. బళ్లో లెక్కల మాస్టారు. సెలవు దొరికితే మామగారి కొట్లో కూర్చునేవాడు గానీ, ఆయన లెక్క వింటే పంటినొప్పి వచ్చినట్టుండేది.

"మామయ్యా, మొన్న నాలుగు తర్వాత తొమ్మిదన్నారు!"

"మధ్యలోవి నీ పిల్లలకు నేర్పుకో, పో."

ఆ శనివారం కాంట్రాక్టరు పొద్దున్నే వచ్చి బల్ల మీద తిష్ఠ వేశాడు. చర్చి సంఘంలో పెద్ద, బాగా ఉన్నవాడు. తల మీద మాత్రం చెవుల చుట్టూ మిగిలిన నాలుగు వెంట్రుకలే. వాటిని పదో తలగానే కత్తిరించుకోవాలని పంతం. ఎవరొచ్చినా "ముందు మీరు కూర్చోండి బాబూ" అని అతి మర్యాదగా దారిస్తున్నాడు.

ఆరు తలలయ్యాక గుమ్మంలో ఫిట్టరు నిలబడ్డాడు. అతను పనిచేసే ఫ్యాక్టరీ మూతపడి నెలలైంది. గడ్డం గుండెల మీదికి దిగింది.

"మామా, ఓ కత్తెర ఎరువిస్తావా? ఎల్లుండి కొత్త చోట పనికి చూస్తారట. మనిషిలా కనబడితేనే తీసుకుంటారు. నేనే కత్తిరించుకుంటా."

అతని సంగతి అల్లుడికి తెలుసు. చర్చివాళ్లు సాయం పంపితే తలుపు కూడా తీయని మనిషి. తన జుట్టు తనే కత్తిరించుకుంటే పని దొరకడం అటుంచి, వీధి కుక్కలు కూడా గుర్తుపట్టవు.

"కత్తెర ఎరువివ్వను" అన్నాడు మామయ్య. "కూర్చో. నువ్వు పదో తలవి."

"నాకు ధర్మం వద్దు."

"నీకెవరు చేశారు ధర్మం? ఈ తల దేవుడిది. మధ్యలో నువ్వెవరు మాట్లాడ్డానికి? మెడ వంచు."

కాంట్రాక్టరు ఎగిరిపడ్డాడు. "అన్యాయం! ఇతను ఏడో తల! పొద్దుట్నుంచీ లెక్కపెడుతున్నా! మాస్టారూ, మీరు చెప్పండి!"

ఫిట్టరు కుర్చీలోంచి సగం లేచాడు. అల్లుడికి 'ఏడు' నాలుక చివరిదాకా వచ్చింది. అప్పుడే మామయ్య తప్పిన లెక్కలన్నీ కళ్ల ముందు కదిలాయి. మొన్నటి పదో తల వీధులూడ్చే ముసలాయన. అంతకుముందుది ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చిన రిక్షా అతను. ఇన్నేళ్లలో ఒక్క పదో తలకైనా నిండు జేబు లేదు. ఇంత కచ్చితంగా తప్పడం లెక్క రానివాడి వల్ల అవుతుందా?

"పదే" అన్నాడు లెక్కల మాస్టారు. "మధ్యలో మీరు కునుకు తీశారండీ."

"అయితే ఇప్పుడు నాది ఒకటో తల" అన్నాడు కాంట్రాక్టరు. "ప్రథమ ఫలం కూడా దేవుడిదే కదా!"

మామయ్య ఆ నున్నటి తలను పరిశీలనగా చూశాడు. "ఫలించిందేదీ కనబడదేమండీ?"

కొట్టంతా నవ్వింది. ఫిట్టరు కూడా నవ్వుతూ మెడ వంచాడు.

పని ముగిశాక అద్దంలో అటూ ఇటూ తిరిగి చూసుకున్నాడు. దండం పెట్టలేదు. డబ్బిచ్చినవాడిలాగే మొహం చిట్లించాడు.

"మామా, మీ దేవుడికి చెప్పు. ఎడమ చెవి పక్కన సరిగ్గా తీయలేదని."

మామయ్య మొహం వెలిగిపోయింది.

"అమ్మో, ఆయనకి మాట రాకూడదు! కూర్చో, కూర్చో" అంటూ మళ్లీ కత్తెర అందుకున్నాడు.