కరెంటు పోయాక చెప్పిన కథ

మొన్న ముసురు పట్టి రాజమండ్రిలో మా అమ్మాయి ఇంట్లోంచి బయటికి కదలలేక కూర్చుని ఉంటే, మనవరాలు ఫోను పట్టుకొచ్చి, మీ కాలంనాటి సస్పెన్సు సీరియలట అమ్మమ్మా, అందరూ తెగ మెచ్చుకుంటున్నారు, చూడు అని నా ఒళ్ళో పెట్టింది. తెర మీద మంచం, మంచం మీద పాలిపోయిన ఇల్లాలు, గుమ్మంలో షర్బత్తు గ్లాసు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డ భర్త. ఆ నవ్వు నేను ఎరిగినదే. చూసేశానమ్మా అని ఫోను తిరిగి ఇచ్చేశాను. నిజానికి నేను చూసింది ముప్పాతిక భాగమే. మిగిలిన పావు అప్పట్లో నేనే కల్పించాను, ఆ కల్పన ఒక ప్రాణం కాపాడిందో ఒక కాపురం కూల్చిందో ఈ వయసుకీ నాకు తేలలేదు.

మన ఈడువాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, ఆ రోజుల్లో టీవీ అంటే వీధికొకటి, అందులో వచ్చేదంతా ఢిల్లీ నుంచి హిందీలో. నేను కొత్తగా హిందీ పండిట్ ఉద్యోగంలో చేరి, రామచంద్రపురంలో ఒక పెంకుటింటి పక్కవాటాలో అద్దెకు దిగాను. ఇంటివాళ్ళు కొబ్బరికాయల వ్యాపారం చేసుకునే దంపతులు, పిల్లలు లేరు. వాళ్ళని బాబాయిగారు, పిన్నిగారు అని పిలిచేదాన్ని. ఆదివారం మధ్యాహ్నమయ్యేసరికి వీధిలోని ఆడవాళ్ళంతా వాళ్ళ హాల్లో చాపల మీద చేరితే, నేను టీవీ పక్కన కుర్చీ వేసుకుని ఒక్కొక్క మాటా తెలుగులో చెప్పేదాన్ని. బడిలో నా పీరియడు పిల్లలకి నిద్ర పీరియడు, ఇక్కడ మాత్రం నేను నోరు విప్పితేగానీ కథ ముందుకు కదలదు. ఇక నా గర్వం అడగాలా! తెలియని మాట వస్తే తెలియదని ఒప్పుకోవడం నా ఇంటా వంటా లేదు, తోచింది చెప్పి గట్టెక్కేదాన్ని.

ఆ ఏడు పిన్నిగారికి ఒంట్లో బాగుండేది కాదు. అన్నం సయించక, జుట్టు రాలిపోయి, మనిషి పుల్లలా అయిపోయారు. డాక్టరు నీరసమని టానిక్కు రాశాడు. బాబాయిగారు మాత్రం ఎవరో చెప్పిన కషాయమేదో రోజూ తన చేత్తో కాచేవారు. కాచేటప్పుడు ఎవరినీ వంటింట్లోకి రానిచ్చేవారు కాదు. సరిగ్గా నాలుగింటికి గాజుగ్లాసులో పోసి తెచ్చి, ఆవిడ ఆఖరి చుక్క మింగేదాకా పక్కనే నిలబడేవారు. పెళ్ళాన్ని ఇంతలా కనిపెట్టుకునే మగాడు ఎక్కడైనా ఉన్నాడా అని వీధంతా మెచ్చుకునేది. నాకూ ముచ్చటేసేది.

ఆ ఆదివారం ఇలాగే ముసురు, పట్టపగలే ఇంట్లో చీకటి. ఆనాటి కథలో భర్త, జబ్బుపడ్డ భార్యకి రోజూ షర్బత్తు తనే కలిపి ఇస్తాడు. అందులో రోజుకో చిటికెడు ఏదో వేస్తాడు. ఆ సంగతి చూసేవాళ్ళకి తెలుసు, ఆవిడకి తెలియదు. ఇంక ఎన్నాళ్ళో బతకదని చుట్టాలకి ముందే ఉత్తరాలు రాసి పెట్టుకుంటాడు. నేను గొంతు తగ్గించి, అతని మాట అతనిలా, ఆవిడ మాట ఆవిడలా చెప్పుకుపోతున్నాను. ఎదురింటి అత్తయ్యగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తెర మీద అతను గ్లాసుతో గుమ్మం దగ్గర నిలబడి నవ్వాడు. అప్పుడే వంటింట్లోంచి బాబాయిగారు కషాయం గ్లాసుతో వచ్చి పిన్నిగారి చేతికిచ్చి నిలబడ్డారు. నాలుగైంది మరి. నేను చెప్పడం ఆపేశాను. ఎవరూ తల తిప్పలేదు. అంతలో కరెంటు పోయింది.

ఆ తరవాత ఏమైందో చెప్పమని అందరూ నా మీద పడ్డారు. నాకేం తెలుసు? కానీ తెలియదంటే పరువు పోదూ! ఈ కథ పరీక్షలకి చదివినప్పుడు పుస్తకంలో ఉందండీ, భార్య ఆ గ్లాసు తాగకుండా, ఇవాళ మీరొక గుక్క తాగండి అని భర్తకే ఇస్తుంది అన్నాను. మరి అతను తాగాడా అని అత్తయ్యగారు అడిగారు. అక్కడిదాకా నేనింకా ఆలోచించుకోలేదు.

పిన్నిగారు తన చేతిలోని గ్లాసు పైకెత్తి పట్టుకున్నారు.

"ఏవండీ, ఇవాళ మీరొక గుక్క తాగండి."

హాస్యమనుకుని ఆడవాళ్ళంతా నవ్వారు. బాబాయిగారూ నవ్వారు. గ్లాసు అందుకుని పెదవులదాకా తీసుకెళ్ళి, అక్కడ ఆపి, చాలాసేపు అందులోకి చూశారు. చల్లారిపోయింది, వెచ్చచేసి తెస్తానంటూ పెరట్లోకి నడిచారు. ఆ కషాయం తూములో పారబోసిన చప్పుడు వానలోనూ మాకు వినబడింది. వట్టి చేతులతో తిరిగి వచ్చేసరికి హాల్లో ఒక్క నవ్వూ లేదు.

మర్నాడు పొద్దున్నే పిన్నిగారు ఒక్క సంచితో కడియంలో అన్నగారింటికి వెళ్ళిపోయారు, మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. ఆవిడ పేరున ఉన్న కొబ్బరితోట కోసమే అంత పనీ చేశాడని వీధి గుసగుసలాడింది. నిన్న మెచ్చుకున్న నోళ్ళే. బాబాయిగారు మాత్రం తన వంట తను వండుకుని ఒక్కరే తినేవారు. ఒకరోజు నూతి దగ్గర నన్ను ఆపి, "ఆ కథ నిజంగా పుస్తకంలో ఉందా టీచరమ్మా?" అని అడిగారు. ఉందండీ అన్నాను. అలాగా అమ్మా అని తల వంచుకుని లోపలికి వెళ్ళిపోయారు. చేదు మందు తాగమంటే ఏ మగాడు మాత్రం తాగుతాడు అన్న ఆలోచన నాకు ఆ రాత్రే మొదలైంది. నెల తిరక్కుండా ఇల్లు మారిపోయాను.

చాలా ఏళ్ళకి, ఆయన పోయిన కబురు కూడా విన్నాక, మల్లె అంట్ల కోసం కడియం వెళ్ళినప్పుడు ఒక నర్సరీలో నారుమళ్ళ మధ్య పిన్నిగారు కనిపించారు. నిండుగా, నున్నగా, పెద్ద ముడితో ఉన్నారు. పాదాలకి దణ్ణం పెట్టి, ఆ ముగింపు నా సొంత పైత్యమని ఒప్పుకుందామని నోరు తెరిచాను. ఆవిడే ముందు నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళారు.

"ఆ కథ పుస్తకంలోది కాదని నాకు అప్పుడే తెలుసమ్మా. చదివిన కథైతే మొదట్లోనే చెప్పేసేదానివి, నీకు నోరాగదు కదా. వంటింట్లో నువ్వేదో చూశావు, ఎదురుగా చెప్పలేక కథలో పెట్టి చెప్పావు. అది నమ్ముకునే బయటపడ్డాను. ఆయన ఇంక లేరు, ఇప్పుడైనా చెప్పు తల్లీ. ఏం చూశావు?"

నేనేమీ చూడలేదు. చూడలేదంటే ఆవిడ ఒంటరిగా గడిపిన ఏళ్ళన్నీ ఏమైపోవాలి? చూశానంటే పోయిన మనిషి ఏమైపోవాలి? బతికున్న మనిషి కళ్ళు నా కళ్ళలోకే చూస్తున్నాయి.

"పొట్లంలోంచి ఏదో కలిపారండి," అన్నాను.

పిన్నిగారు కళ్ళు మూసుకుని, పెద్దగా ఊపిరి వదిలి, చల్లగా ఉండమని నా తల మీద చెయ్యి పెట్టారు.

ఇప్పుడు ఎవరి తెర వారిదే. ఏ భాష కథైనా కింద తెలుగు అక్షరాలు వచ్చేస్తాయి, పక్కన కూర్చుని చెప్పే మనిషితో పనిలేదు. నాబోటి దాని మాట నమ్మి గడప దాటే వాళ్ళూ లేరు. మంచిదే అనుకుంటాను. కానీ ఒకరి గొంతు కోసం చాపల మీద ఊపిరి బిగబట్టి కూర్చున్న ఆ ఆదివారాలు తలచుకుంటే మనసు ఉండబట్టదు. తలచుకున్నప్పుడల్లా వంటింటి తలుపు సందులోంచి బాబాయిగారి వీపు కనిపిస్తుంది, ఆయన చేతిలో చిన్న కాగితం పొట్లం, దానికి కట్టిన దారం కూడా కనిపిస్తుంది. ఆ తలుపు ఎప్పుడూ మూసే ఉండేదని నాకు తెలుసు. అయినా ఈమధ్య ఆ దారం రంగు కూడా చెప్పగలను.