తల ఒక పక్కకి ఒరిగిన ఆడసింహం

అమరేశ్వరరావుది తెనాలి దగ్గర ఒక పల్లె. తిరుపతిలో పశువైద్యం చదివాడు. మూడేళ్లు మండలంలో పశువుల ఆసుపత్రి చూశాక, కాలేజీలో తనకంటే ముందు చదివినాయన ఒకరు బోట్స్వానా నుంచి ఫోన్ చేసి, ఇక్కడి ప్రభుత్వానికి పశువుల డాక్టర్లు కావాలి, వస్తావా అని అడిగారు. వెళ్లాడు. కసానె అనే చిన్న ఊళ్లో పద్నాలుగేళ్లు ఉన్నాడు.

అక్కడ ఆయన పని ఎక్కువగా ఆవులకి గాలికుంటు టీకాలు వేయించడం. ఆదివారం మాత్రం ఊరి బయట ఒక ముసలావిడ నడిపే జంతువుల ఆశ్రయానికి వెళ్లేవాడు. ఉచ్చులో పడి కాలు తెగిన హైనాలు, తల్లిని పోగొట్టుకున్న ఏనుగు పిల్లలు, ఎవరో సరదాకి పెంచి వదిలేసిన సింహం పిల్లలు అక్కడికి వచ్చేవి. భార్య పద్మిని పులిహోర కట్టుకుని, మూడేళ్ల చాందినిని చంకనెత్తుకుని వెంట వచ్చేది. ఒకసారి ఏనుగు పిల్ల చాందిని చెప్పు ఒకటి తొండంతో లాక్కుని ఎంతకీ ఇవ్వలేదు. అమరేశ్వరరావు దాని వెంట పరిగెత్తలేక నవ్వుతూ నేల మీద కూలబడ్డాడు. ఆ సంగతి చాందినికి గుర్తులేదు. పద్మినికి బాగా గుర్తుంది. ఆయన అలా నవ్వడం ఆ తర్వాత తక్కువే చూసిందావిడ.

2016లో పిల్ల చదువు కోసమని కెనడాకి పీఆర్ మీద, అంటే శాశ్వత నివాసానికి, వచ్చి టొరంటో పక్కనున్న ఏజాక్స్‌లో స్థిరపడ్డారు. ఇక్కడ డాక్టరుగా పనిచేయాలంటే మళ్లీ పరీక్షలు రాయాలి. రాతపరీక్ష మొదటిసారే పాసయ్యాడు. ప్రాక్టికల్ పరీక్షలో కుక్కకి మత్తు ఇచ్చి కనిపెట్టుకుని ఉండే భాగం పోయింది. జీవితమంతా ఆవుల మధ్య గడిపినవాడు. ఇంకోసారి అప్లై చేయమని పద్మిని రెండేళ్లు చెప్పి చెప్పి ఊరుకుంది. అప్పటికే ఆయన మిస్సిసాగాలో, విమానాశ్రయం దగ్గర మందులు నిలవచేసే వేర్‌హౌస్‌లో చేరాడు. చల్లటి గదిలో నిలబడి పెట్టెలు స్కాన్ చేసి అరల్లో సర్దడం పని.

లోపల ఏదో మొద్దుబారిందని ఆయనకి తెలుసు. ఎప్పుడు మొదలైందో తెలియదు. అన్నయ్య పోయాడని ఫోన్ వచ్చిన రోజు "అలాగా" అన్నాడు. ఇంకా ఆరు పెట్టెలు మిగిలి ఉంటే అవి కూడా స్కాన్ చేసి, అప్పుడు వచ్చి సూపర్‌వైజర్‌కి చెప్పాడు. ఏడుపు రాలేదు. ఆ సంగతి ఇంట్లో చెప్పినప్పుడు పద్మిని ఆయన మొహంలోకే చూస్తూ నిలబడిపోయింది.

2023 వచ్చేసరికి వేర్‌హౌస్ నిండా తెలుగే వినపడేది. వరంగల్ నుంచి, కర్నూలు నుంచి, భీమవరం నుంచి వచ్చిన స్టూడెంట్లు. స్టూడెంట్లు వారానికి ఇరవై గంటలే పనిచేయాలన్న నిబంధనని గవర్నమెంట్ తాత్కాలికంగా ఎత్తేయడంతో అందరూ ఎన్ని గంటలు దొరికితే అన్ని గంటలూ చేసేవారు. అందరికీ ఆయన అంకులే. స్కానర్ ఎలా పట్టుకోవాలో, చేతులు మొద్దుబారకుండా చల్లగదిలోంచి ఎంతసేపటికి బయటికి రావాలో చెప్పేవాడు. అంతకుమించి మాట్లాడేవాడు కాదు. మనుషులు ఎక్కువవడంతో శనివారం ఓవర్‌టైమ్ ఆగిపోయింది. అలా సెప్టెంబర్‌లో ఒక శనివారం ఆయన ఇంట్లో ఉన్నాడు.

చాందినికి పదిహేడేళ్లు. గ్వెల్ఫ్ దాటాక గంట దూరంలో, జనం దగ్గర్నుంచి కాపాడి తెచ్చిన ఆఫ్రికా జంతువుల్ని ఉంచే చోటు ఒకటుందని ఆన్‌లైన్‌లో చూసి, ముగ్గురికీ టూర్ బుక్ చేసింది.

"డాడ్, యూ విల్ లైక్ ఇట్," అంది.

"సరే," అన్నాడు.

రోజూ పనికి వెళ్లే 401 హైవే మీదే వెళ్తూ, అలవాటుగా మిస్సిసాగా ఎగ్జిట్ వైపు తిప్పబోయాడు. "ఏమండీ, ఇవాళ కాదు," అంది పద్మిని. కారు మళ్లీ లేన్‌లోకి తెచ్చాడు.

టూర్‌లో పదిమంది ఉన్నారు. మెరెడిత్ అనే యాభై ఏళ్లావిడ నడిపిస్తూ ఒక్కో జంతువు కథా చెప్పింది. టొరంటోలో పదకొండో అంతస్తు ఫ్లాట్‌లో పెరిగిన సర్వల్ అనే మచ్చల అడవిపిల్లి. ఎవరో పుట్టినరోజు పార్టీలకి అద్దెకిచ్చిన జీబ్రా. చాందిని ఫొటోలు తీసింది. పద్మిని జీబ్రాని చూసి "పాపం" అంది. అమరేశ్వరరావు చేతులు జేబుల్లో పెట్టుకుని, అందరితో పాటు నడిచి, అందరూ ఆగిన చోట ఆగాడు. ఒకప్పుడు ఇలాంటి వాసన ముక్కుకి తగిలితే ఆయన నడక వేగం పెరిగేది. ఇప్పుడు వాసన తెలుస్తోంది, అంతే.

చివర ఒక ఆడసింహం ఉంది. పేరు జూనిపర్. రెండేళ్లది. ఒకతను తన పొలంలో కొట్టంలో పెంచాడట, నాలుగు నెలల కిందట తెచ్చారట. అది లేచి నీళ్ల తొట్టి దగ్గరికి నడిచింది. తల ఎడమ పక్కకి ఒరిగి ఉంది. వెనక కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడుతున్నాయి. తొట్టి అంచు అందుకోవడానికి రెండుసార్లు ప్రయత్నించింది.

"చెవిలో ఇన్ఫెక్షన్. మందులు వాడుతున్నాం. కాస్త టైమ్ పడుతుంది," అంది మెరెడిత్.

టూర్ అయిపోయింది. అందరూ షాపు వైపు కదిలారు. అమరేశ్వరరావు కదల్లేదు. కసానెలో ఉండగా ఒక ఫారం యజమాని రెండు సింహం పిల్లల్ని కోడి మాంసంతోనే పెంచాడు. లివర్ లేదు, ఎముకలు లేవు. రెండింటికీ తల ఇలాగే ఒరిగింది, నడక ఇలాగే తూలింది. ఒకటి చచ్చిపోయాక ఆయనే కోసి చూశాడు. పుర్రె ఎముక లోపలికి మందంగా పెరిగి మెదడుని నొక్కేసింది. విటమిన్ ఎ లేకపోతే అలా అవుతుంది.

ఇది అదే. ఆయనకి అనుమానం లేదు. అయినా నోరు తెరవాలనిపించలేదు. వాళ్లకి వాళ్ల డాక్టర్ ఉన్నాడు. తనకి సోమవారం ఆరింటికి షిఫ్టు ఉంది.

"డాడ్? ఏంటి చూస్తున్నావ్?" అంది చాందిని. ఆ పిల్ల తెలుగులో మాట్లాడటం అరుదు.

"చెవి కాదది," అన్నాడు.

"అయితే ఆమెకి చెప్పు."

"ఎందుకులే అమ్మా."

చాందిని పరిగెత్తుకెళ్లి మెరెడిత్‌ని వెనక్కి తీసుకొచ్చింది. ఇంక తప్పలేదు. అది ముందు ఏం తినేదని అడిగాడు. కోడి మాంసం మాత్రమేనని, అదీ ఎముకలు తీసి పెట్టేవాడని మెరెడిత్ చెప్పింది. పుర్రెకి సీటీ స్కాన్ తీయించండి అన్నాడు ఆయన.

ఆవిడ మర్యాదగానే వింది. "మీరు వెట్ డాక్టరా?" అని అడిగింది.

"కాదు. వేర్‌హౌస్‌లో పని చేస్తాను."

పద్మిని తల దించుకుంది. చాందిని మొహం ఎర్రబడింది.

"హీ ఈజ్ ఎ వెట్. బోట్స్వానాలో ఫోర్టీన్ ఇయర్స్ చేశారు," అంది గట్టిగా.

మెరెడిత్ తన జేబులోంచి చిన్న నోటుపుస్తకం, పెన్ను తీసి ఆయన చేతికిచ్చింది. "మా డాక్టర్‌కి చూపిస్తాను, రాసివ్వండి." అమరేశ్వరరావు కంచె స్తంభానికి ఆనించి పది వరసలు రాశాడు. ఇన్నేళ్ల తర్వాత రాస్తున్నా ఒక్క మాట కూడా తడుముకోలేదు. కింద పేరు రాశాడు. పేరు పక్కన డిగ్రీ రాయలేదు. చాందిని తన ఈమెయిల్ రాసిచ్చింది.

తిరిగి వచ్చేటప్పుడు మిల్టన్ దాటాక పద్మిని అడిగింది. "డాక్టర్ని కాదని అంత సులువుగా ఎలా అన్నారండీ?"

"ఇక్కడ కాదుగా మరి. లైసెన్స్ లేదు."

"ఆవిడ లైసెన్స్ అడగలేదు."

ఆయన ఇండికేటర్ వేసి లేన్ మారాడు.

ఐదు వారాల తర్వాత చాందినికి మెయిల్ వచ్చింది. స్కాన్ తీశారు. పుర్రె వెనక భాగం మందంగా పెరిగి ఉంది. ఆహారం మార్చారు, లివర్ పెడుతున్నారు, మందు మొదలుపెట్టారు. దెబ్బతిన్న నరం తిరిగి రాదు కాబట్టి తల అలాగే ఉండొచ్చని, ఇంకా ముదరకుండా ఆగితే చాలని వాళ్ల డాక్టర్ రాశాడు. మీ నాన్నగారికి కృతజ్ఞతలు చెప్పమన్నాడు. స్కాన్ బొమ్మలు కూడా జతచేశాడు.

చాందిని ఎగిరి గంతేసింది. ఆయన బొమ్మలన్నీ ఒక్కొక్కటే చూసి, "మంచిది," అన్నాడు. సంతోషం వస్తుందేమోనని తనలో తాను వెతుక్కున్నాడు కూడా. రాలేదు. అయితే జవాబు మాత్రం ఆయనే రాశాడు. విటమిన్ ఎ మరీ ఎక్కువైనా ప్రమాదమే, నెలనెలా రక్తపరీక్ష చేయండి అని నాలుగు వాక్యాలు. వాటికి గంట పట్టింది.

మర్నాడు బ్రేక్‌లో ఆ బొమ్మలు మళ్లీ చూసుకుంటుంటే, రిషిత అనే వరంగల్ అమ్మాయి భుజం మీదుగా తొంగి చూసింది.

"ఏంటిది అంకుల్? మీకేమన్నా అయ్యిందా?" అంది కంగారుగా.

"నాకు కాదమ్మా. సింహానిది."

"సింహమా! మీ ఫోన్‌లోకెట్లొచ్చింది?"

చెప్పాడు. ఇంకో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. ఏ ఎముక ఎక్కడుందో, ఎంత మందం ఉండాల్సింది ఎంత ఉందో వేలితో చూపించాడు. రిషిత టీ చల్లారిపోయింది. "డాక్టరని మాకు ఒక్కసారన్నా చెప్పలే కదా మీరు," అంది. బ్రేక్ నాలుగు నిమిషాలు దాటిందని సూపర్‌వైజర్ వచ్చి చెబితే అందరూ లేచారు.

జనవరిలో షిఫ్టులు ఇంకా తగ్గి వారానికి నాలుగు రోజులయ్యాయి. ఒక గురువారం పొద్దున్న ఎవరితోనూ చెప్పకుండా బయల్దేరి జూనిపర్ ఉన్న చోటికి వెళ్లాడు. టూర్లు లేని కాలం. మెరెడిత్ గుర్తుపట్టి లోపలికి తీసుకెళ్లింది. జూనిపర్ గడ్డి పరిచిన వెచ్చటి గదిలో ఉంది. తల ఇంకా ఒరిగే ఉంది. తొట్టి అంచు మాత్రం మొదటిసారే అందుకుంది. కమ్మీల ఇవతల ఒక బల్ల వేసుకుని, అది తిని అటూ ఇటూ తిరుగుతున్నంతసేపూ నడక గమనించి, చూసినదంతా మెరెడిత్‌కి చెప్పి రాయించాడు. నెలకోసారి వచ్చి ఇలా చూసి వెళ్తారా అని ఆవిడ అడిగితే వస్తానన్నాడు.

చీకటి పడకముందే ఇల్లు చేరాడు. బూట్లకి అంటిన గడ్డి చూసి పద్మినికి అర్థమైంది.

"ఎలా ఉంది?"

"తింటోంది. కాళ్లు కాస్త నిలదొక్కుకున్నాయి."

"మీకెలా ఉంది?"

ఆయన నిజంగానే ఆలోచించాడు. కోటు విప్పడం కూడా ఆపాడు.

"తెలీడం లేదు పద్మినీ. వచ్చే నెల మళ్లీ వెళ్లాలి."

"ఈసారి నేనూ వస్తాను," అంది పద్మిని. చారు మరుగుతోందని వంటింట్లోకి వెళ్లింది. ఆయన బూట్లు బాల్కనీలో దులిపి, చేతులు కడుక్కుని వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు.