చక్కెర సంచుల పర్దా

ఆడపిల్లలకు ఈత బడి పెట్టాలంటే ముందుగా నీళ్లు కావాలని అందరూ అనుకుంటారు. నీళ్లు నాకు పైసా ఖర్చు లేకుండా దొరికాయి. ఎడపల్లి తొవ్వలో, మా చెరుకు తోటలో, మెట్లున్న పెద్ద బావి మాదే. ఈత కూడా ఊరికే వచ్చింది. చిన్నప్పుడు బాపు నా నడుముకు తాడు కట్టి ఆ బావిలోకే తోశాడు. నా కొంప ముంచింది మాత్రం పర్దా.

బోధన్‌లో నాకొక దోస్తు ఉండేది. వాళ్ల నాయనకు సైకిల్ దుకాణం. ఇద్దరం ఒకే బెంచీ మీద కూర్చుని పదో తరగతి గట్టెక్కాం. ఆ ఎండాకాలమే ఆమెకు పెళ్లి కుదిరింది. ఇంక పదిహేను రోజులే ఉంది. పెళ్లికి ఏం పెట్టమంటావని అడిగాను.

"ఈత నేర్పు," అంది. "పెండ్లయినంక నాకు నీళ్లంటే బిందెల నీళ్లే."

నా ప్రాణం ఉసూరుమంది. అక్కడికక్కడే, నోటితోనే, బడి పెట్టేశాను. ఆమెనొక్కదాన్నే అయితే ఇంట్లో పంపరు కాబట్టి వాళ్ల గల్లీలో ఇంకో ముగ్గురిని పోగుచేశాను. మనిషికి రూపాయి ఫీజు. వాళ్ల నాయన రెండు షరతులు పెట్టాడు. బావి చుట్టూ పర్దా కట్టాలి. వాళ్లమ్మ గట్టు మీద కూర్చుని కాపలా కాయాలి.

పర్దా అంటే ఎంతనుకున్నాను! అవ్వ చీరలు ఐదు ముడేసి తిప్పినా బావి చుట్టు పూర్తి కాలేదు. కొత్త బట్ట కొనే తాహతు ఎక్కడిది? బోధన్‌లో చవగ్గా దొరికేవి ఖాళీ చక్కెర సంచులు. కిరాణా సేటు దగ్గర అరవై కొన్నాను. వెదురు బొంగులు, సుతిలి తాడు, దబ్బనం కొన్నాను. పసుపు కొమ్ములు ఏరి దాచుకున్న పైసలన్నీ పోయాయి. పాసైనందుకు మేనమామ ఇచ్చిన పది రూపాయలూ పోయాయి.

అంతలో అవ్వ వచ్చింది. "మైసమ్మకు కోడిని కొయ్యకుండ పరాయి పిల్లలను బావిల దింపుతవా?" అంది. కోడి కొన్నాను. దోస్తు వాళ్లమ్మను నేను ఖాలా అనేదాన్ని. మిఠాయి పెట్టి ఫాతెహా దువా చదివించకుండా మొదలుపెట్టొద్దని ఆమె అంది. మిఠాయి కొన్నాను. కోడికూర మా ఇంట్లో, మిఠాయి వాళ్లింట్లో కడుపునిండా తిన్నాను కాబట్టి ఆ ఖర్చు మీద నాకు కోపం లేదు. పొద్దున రెండు గంటలు మోటారు బంద్ పెడుతున్నందుకు అన్న రోజూ నాతో పశువుల కొట్టం ఊడ్పించాడు. దాని మీద మాత్రం ఇప్పటికీ కోపమే.

తేలడానికి కట్టుకునే ట్యూబులు సైకిల్ దుకాణంలోవి, అతుకుల మీద అతుకులు. నీళ్లలో దిగగానే పిల్లల షల్వార్లు గాలికి బుడగల్లా ఉబ్బేవి. ఒకరినొకరు చూసుకుని పడీ పడీ నవ్వేవాళ్లు. నవ్వుతూ నీళ్లు మింగేవాళ్లు, దగ్గుతూ మళ్లీ నవ్వేవాళ్లు. వారం తిరిగేసరికి ముగ్గురికీ ఈత వచ్చేసింది. నా దోస్తుకే రాలేదు. చివరి మెట్టు రాయిని రెండు చేతులా పట్టుకుని కూర్చునేది. రోజూ అదే మాట, "రేపు దిగుత." పదకొండు రోజులు అట్లానే గడిచాయి. బడి పెట్టిందే ఆమె కోసం! నాకు ఏడుపొచ్చేది, దాంతోపాటు నెత్తి మీద ఒకటి మొట్టాలనిపించేది. గట్టు మీద బురఖాలో కూర్చున్న ఖాలా మాత్రం నీళ్లకేసి చూస్తూ ఉండేది, అంతే.

పదకొండో రోజు సాయంత్రం వాన కొట్టింది. ఎండాకాలం వాన కదా, సంబరంగా తడిశాం. సంచుల సంగతి ఎవరికి గుర్తుంది? వాటిని కడగాలని నాకు తట్టనే లేదు. చక్కెర ఫ్యాక్టరీ మడ్డి వాసనలో పుట్టి పెరిగిన ముక్కులు మావి, తీపి వాసన వాటికి అందదు. కుట్లలో ఇరుక్కున్న చక్కెరంతా కరిగి మెట్ల మీదికి కారింది.

తెల్లారి మేం వచ్చేసరికి ఏ తేడా కనిపించలేదు. నా దోస్తు ఎప్పటిలాగే చివరి మెట్టు మీద కూర్చుంది. నేను నీళ్లలో ఉండి బతిమాలుతున్నాను. అప్పుడు చూశాను, పర్దా మీద నుంచి మెట్ల వెంట ఎర్రగా, వేలెడు మందాన దిగుతున్నాయి చీమలు. ఆమె వెనక్కి చూసింది. పైకి పోవడానికి దారి లేదు. మొదటి చీమ కుట్టగానే "యా అల్లా!" అని కేకేసి, ట్యూబుతో సహా నడిబావిలో పడింది.

పడి, కాళ్లూ చేతులూ కొట్టుకుంటూ, తిడుతూ, అవతలి గోడ దాకా పోయింది. గోడ తాకాక గానీ తాను ఈదానని తెలియలేదు. "ఈదిన్నే! నేను ఈదిన్నే!" అని అరిచింది. నేను నీళ్లలోనే ఎగిరాను.

గట్టు మీద ఖాలా లేచి నిలబడింది. చీవాట్లు పడతాయనుకున్నాను. ఆమె బురఖా తీసి మెల్లగా మడతపెట్టింది.

"నాకు గూడ చీమలు కుడుతున్నయ్," అంది.

ఆమె కూర్చున్న బండ మీద ఒక్క చీమ లేదు. నేను ట్యూబు పైకి విసరబోయేలోపే, ఓణీ నడుముకు బిగించి గట్టు మీది నుంచే దూకింది. నీళ్లు మా నెత్తుల మీద పడ్డాయి. మునిగిన మనిషి మా మధ్య తేలి, వెల్లకిలా తిరిగి, ఆకాశాన్ని చూస్తూ పడుకుంది.

"అమ్మీ! నీకు ఈతొస్తదని ఎన్నడు చెప్పలే!" అంది బిడ్డ.

"మా ఊరి వాగుల నన్ను మించినోళ్లు లేకుండె," అంది ఖాలా. "పెండ్లికి ముంగట."

అన్న దూరం నుంచి మోటారు కోసం కేకలు పెట్టేదాకా అందరం నీళ్లలోనే ఉన్నాం. పిల్లలంతా బయటికొచ్చి బట్టలు పిండుకున్నారు. కాపలా కాయవలసిన మనిషిని మాత్రం నేనూ, ఆమె బిడ్డా కలిసి ఎంత బతిమాలినా బయటికి రాలేదు.