ఊరికొక్క ఇంజనీర్

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు ఒడ్డున, మా బెస్తవాడలో ఇంజనీర్ అంటే నేనే. వాడ మొత్తంలో సివిల్ చదివి పాసైన మొదటివాణ్ని. ఆ తర్వాత నా పేరుతో ఎవరికీ పని లేకపోయింది. "ఇంజనీరొచ్చిండు, కుర్సీ ఎయ్యుర్రి" అనేవాళ్లు. చేపల గంపతో హయత్‌నగర్ బస్సెక్కే మా అమ్మను, వాసనొస్తోంది వెనక్కి పొమ్మని కండక్టర్ కసిరితే, "ఇంజనీర్ తల్లిని, జర మర్యాదగ మాట్లాడు" అనేది. కండక్టర్ నవ్వేవాడు గానీ సీటు మాత్రం చూపించేవాడు. ఇంతకీ నేను చేసే పని, కొంగరకలాన్ దగ్గర పొలాలను ప్లాట్లుగా కోసి హద్దురాళ్లు పాతించడం. మావాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆ ఒక్క మాటతోనే నాకు కడుపు నిండిపోయేది.

అప్పుడు దిగాడాయన. తుక్కుగూడ నుంచి బండి మీద వచ్చేవాడు. ఆయనా ఇంజనీరే, వయసులో నాకంటే చిన్న. చెరువు పక్కన పట్టా భూమి కొన్నవాళ్లెవరో రిసార్ట్ కట్టే పని ఈయనకు అప్పగించారట. మొదటిరోజే గట్టు మీద కాలు జారి బురదలో కూలబడ్డాడని మా చిన్నాయన చెబితే పొట్ట పట్టుకుని నవ్వాను. ఈయనా కట్టేది!

కట్టాడు. రెండు వానాకాలాలు తిరిగేసరికి మా వాడ నేనే గుర్తుపట్టలేనట్టు అయింది. సముద్రం మొహం చూడని ఊళ్లో లారీలతో ఇసుక పోయించి బీచ్ అన్నాడు. జనం కూడా బీచ్ అనే అన్నారు! థర్మాకోల్ తెప్పల మీద కూర్చుని వలలేసే మావాళ్లు నారింజరంగు జాకెట్లు తొడుక్కుని, సీట్లున్న పడవల్లో పట్నం జనాన్ని తిప్పుతున్నారు. ఆడవాళ్లు నెత్తిమీది గంపలు దించి, రేకుల షెడ్డు కింద రవ్వ, బొచ్చె చేపలు వేయించి అమ్ముతున్నారు. ఆదివారమొస్తే కార్లు రోడ్డు దాకా నిలబడతాయి. మా అమ్మ బస్సెక్కడమే మానేసింది.

సంతోషించాలి కదా? నేను తప్పులు వెతికాను. చేపలు పట్టుకోనివ్వడేమో అని కాచుకుని కూర్చున్నాను. సగం చెరువు వలలకు వదిలి, పడవలు అటు పోకుండా తాడు కట్టించాడు. మురికినీళ్లు చెరువులోకి వదులుతాడేమో అని గొట్టం వెంట నడిచి మరీ చూశాను. అదీ లేదు. ఒక్క తప్పన్నా చేసి ఉంటే ఆయన్ని క్షమించేవాణ్ని.

నా ఏడుపు రిసార్ట్ గురించి కాదు, ఆ మాట గురించి. "ఇంజనీర్ జెప్పిండు", "ఇంజనీర్‌ను అడుగుర్రి", వాడంతా అదే పాట. నేను మళ్లీ చిన్నప్పటిలా 'చిన్నోడి'నయ్యాను. ఉండబట్టలేక ఒకసారి చిన్నాయనను అడిగేశాను.

"నేను ఇంజనీర్‌ను గానా?"

"అవ్ రా, నువ్వు గూడ ఇంజనీర్‌వే" అన్నాడు.

ఆ 'గూడ' నన్ను కోసేసింది. పైగా ఓదార్పొకటి: "పెరటి చెట్టు మందుకు రాదురా, ఫికర్ జెయ్యకు."

ఇంకోరోజు నేను కొంగరకలాన్‌లో పని మీద ఉండగా అమ్మ ఫోన్ చేసింది. "ఇంజనీర్‌కు జరమొచ్చింది బిడ్డా. కొర్రమట్ట పులుసు వండిన, మిరియాలు మస్తుగ ఏసిన." ఆ గొంతులో ఎంత బెంగ!

"నాకేం కాలేదే అమ్మా, మంచిగనే ఉన్న" అన్నాను.

 అమ్మ నవ్వింది. పడీపడీ నవ్వింది. నేనూ నవ్వినట్టు చేసి ఫోన్ పెట్టేశాను. ఆ పూట అన్నం సయించలేదు. నా తల్లి చేతి పులుసు కూడా ఆయనకేనా అని కుళ్లిపోయాను. అవును, కుళ్లే. దానికి ఇంకో మంచిపేరు నాకు దొరకలేదు.

ఈ వానాకాలం చెరువు నిండి, అలుగు మీంచి నీళ్లు పొర్లి మత్తడి దుంకింది. నీళ్లు బీచ్‌ను మింగి రిసార్ట్ మెట్ల దాకా వచ్చాయని సైట్లో ఎవరో అనగానే, రెయిన్‌కోటు, హెల్మెట్ తగిలించుకుని బండి తీశాను. సాయానికి కాదు, చూడ్డానికి. చెరువు నిండాలని గంగమ్మకు మొక్కే ఇంట్లో పుట్టినవాణ్ని, దారి పొడుగునా నేనూ మొక్కాను. ఇంకొక్క మూర, తల్లీ. మెట్లెక్కు, గదుల్లోకి పో. ఆ తర్వాత చూస్తా, ఎవరిని ఇంజనీర్ అంటారో!

గట్టు మలుపు తిరిగానో లేదో కేక వినబడింది.

"ఇంజనీరొచ్చిండు! ఇంజనీరొచ్చిండు!"

రిసార్ట్ గదుల్లోంచి పరుపులు మోస్తున్నవాళ్లు వాటిని అక్కడే పడేసి నావైపు పరుగెత్తారు. ఆడవాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు. ఎన్నాళ్లకు విన్నాను ఆ మాట! అంత వానలోనూ ఒళ్లు వేడెక్కింది. అందరికంటే ముందు అమ్మే వచ్చింది. తడిసి ముద్దై, వణుకుతూ, బండి హ్యాండిల్ రెండు చేతులా పట్టుకుంది.

"వచ్చినవా సారూ! నువ్వొచ్చినవ్, ఇంగ మాకేం గాదు. నీ కష్టం నీళ్లల్ల కలపకు తల్లీ అని పొద్దటి సంది గంగమ్మకు దండం పెడుతున్న."

నేను హెల్మెట్ తీశాను.

అమ్మ మొహంలో అప్పటిదాకా ఉన్న ధైర్యం నా కళ్లముందే జారిపోయింది. "నువ్వా బిడ్డా?" అంది. హ్యాండిల్ వదిలేసి, నా వెనక దారి వైపు చూసింది.