టెంక పీచు రొయ్య

పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పట్టు తప్పాక, మా పెదనాన్న ఆగిరిపల్లి తోటలో మంచం మీద కూర్చుని గాలానికి ఉత్తుత్తి రొయ్యలు కట్టేవాడు. ఒంటికి కోడి ఈక, కాళ్లకి చిన్నరసం మామిడి టెంక పీచు వాడేవాడు. దారం కొస పళ్లతో పట్టుకుని ఎడమచేత్తో ముడి బిగించేవాడు. ముడి జారితే మొత్తం విప్పి మళ్లీ కట్టేవాడు.

"వానపాములు తవ్వి తెస్తాను కదండీ, ఎందుకీ తిప్పలు?" అనేది పెద్దమ్మ.

"ఉండవే. చేప నమ్మాలి," అనేవాడు. ఎప్పుడూ అదే మాట.

చెరువులో ఒక్క చేపా నమ్మలేదు.

ఓ ఉదయం, కట్టిన రొయ్యని మంచం పట్టె మీద పెట్టాడు. ఈకలిచ్చిన కోడే వచ్చి దాన్ని పొడవబోయింది. పెదనాన్న చటుక్కున లాక్కున్నాడు.

"కోడి నమ్మిందే. ఇంక చేపెంత," అన్నాడు.

పెద్దమ్మ రొయ్యని చూడలేదు. దాన్ని లాక్కున్న కుడిచేతినే చూస్తోంది.